గుంత పూడ్చమని అడగడం మానేశాక: ఒక రోడ్డు మరమ్మతు కేస్ స్టడీ

ఈ రోడ్డు మీద ఫిర్యాదులకు కొదవ లేదు. కార్పొరేషన్ యాప్‌లో ఉన్నాయి, వార్డు ఆఫీసు రిజిస్టర్‌లో ఉన్నాయి, కమిషనర్‌కు ఇచ్చిన వినతిపత్రాల్లో ఉన్నాయి. దాదాపు అన్నిటి పక్కనా ‘పరిష్కరించాం’ అని రాసి ఉంది. అది అబద్ధం కూడా కాదు. ఫిర్యాదు అందిన ప్రతిసారీ ఎవరో ఒకరు వచ్చి గుంత పూడ్చారు, ఫొటో తీశారు, ఫిర్యాదు మూసేశారు. నాలుగు వానలు పడగానే అదే చోట, చాలాసార్లు పూడ్చిన ముక్క అంచు వెంబడే, గుంత మళ్లీ తేలింది.

నేను రోడ్ల ఇంజనీరుగా పనిచేసి రిటైరయ్యాను. ఇప్పుడు కాలనీ సంఘాలకు సాంకేతిక సలహా ఇస్తుంటాను. ఈ సంఘం వాళ్లు వచ్చినప్పుడు వాళ్ల చేతిలో ఉన్న డిమాండ్ ఒక్కటే: ‘రోడ్డు మొత్తం కొత్త కార్పెట్ వేయాలి.’ అంటే పాత రోడ్డు మీద కొత్త తారు పొర. చివరికి వాళ్లు అడిగింది అది కాదు, వచ్చిందీ అది కాదు. ఆ మార్పు ఎలా జరిగిందన్నదే ఈ కేసులో రాయదగ్గ విషయం.

రోడ్డు ఏం చెప్పింది

రెండు పెద్ద రోడ్లను కలిపే అనుసంధాన రోడ్డు ఇది. పొడవు కిలోమీటరు పైచిలుకు, రెండు వరుసల తారు రోడ్డు. కాలనీ రోడ్డుగా వేశారు. పక్కన పెద్ద రోడ్డు మీద ఏవో పనులు జరిగినప్పుడు సరుకు లారీలను దీని మీదికి మళ్లించారు. పనులు అయిపోయాయి, లారీలు మాత్రం దారి మరిగాయి.

సంఘం రాసిన లేఖల్లో ‘ట్రాఫిక్ విపరీతంగా పెరిగింది’ అని ఉంది. ఇంజనీరుకు ఈ వాక్యంతో పని లేదు. అమెరికాలో ఇల్లినాయ్ రాష్ట్రంలోని ఒట్టావా దగ్గర 1958 నుంచి 1960 వరకు ప్రత్యేకంగా రోడ్లు వేసి, వాటి మీద రకరకాల బరువుల లారీలు తిప్పి చూశారు. ఆషో రోడ్ టెస్ట్ అంటారు దాన్ని. అందులోంచి వచ్చిన సూత్రం ఇప్పటికీ వాడుకలో ఉంది: రోడ్డుకు జరిగే నష్టం ఇరుసు బరువుకు సుమారు నాలుగో ఘాతంలో పెరుగుతుంది. ఇరుసు మీద బరువు రెట్టింపైతే నష్టం రెండింతలు కాదు, పదహారింతలు. అందుకే కార్లు, బైకులు లెక్కపెట్టడం మానేసి లారీలనూ, టిప్పర్లనూ మాత్రమే గంటల వారీగా రాయమని చెప్పాను. ఒక పనిదినం, ఒక సెలవుదినం చాలు. ఆ ఒక్క కాగితం ముందు రాసిన లేఖలన్నిటికంటే ఎక్కువ పని చేసింది.

తర్వాత రోడ్డంతా నడిచాం. ఇలాంటి నడక కెమెరాతో కాదు, టేపుతో, సుద్దముక్కతో చెయ్యాలి. ఒక చివర సున్నా పెట్టి, ఇరవై మీటర్లకో గుర్తు పెట్టుకుంటూ, ఏ గుర్తు దగ్గర ఏముందో రాసుకోవాలి. ‘హోటల్ ఎదురుగా గుంత’ అని రాస్తే హోటల్ మారిపోతుంది. ‘380 మీటర్ల దగ్గర, ఎడమ చక్రాల దారిలో’ అని రాస్తే ఎస్టిమేట్‌లోకి నేరుగా ఎక్కుతుంది.

జనం అన్నిటినీ గుంతలే అంటారు గానీ, ఇక్కడ మూడు వేర్వేరు జబ్బులున్నాయి. రోడ్డు పొడవులో ఒక కొసను పై భాగం, రెండో కొసను కింది భాగం అందాం. పై భాగంలో పైపొర చెడి కంకర లేచిపోతోంది. దాని అడుగున పునాది గట్టిగానే ఉంది. కింది భాగంలో కేబుళ్లకూ పైపులకూ అడ్డంగా తవ్వి సరిగా కుదించకుండా పూడ్చిన కోతలు, ప్రతి కోత దగ్గరా ఓ కుంగుడు. మధ్యలో రెండొందల మీటర్ల పల్లం ఉంది. అసలు కథ అక్కడే.

ఆ పల్లంలో చక్రాలు పోయే దారిలో తారు మొసలి వీపులా చిన్న చిన్న పలకలుగా పగిలింది. ఇలాంటి పగుళ్లు పైపొర జబ్బు కాదు, కింది పొరలు బరువు మొయ్యలేక ఊగుతున్నాయన్న సంకేతం. వాన వెలిసిన మర్నాడు లారీ పోతే పగుళ్లలోంచి తెల్లటి బురదనీళ్లు ఉబికి వచ్చేవి. నీటితో పాటు కంకర పొరలోని సన్నటి పొడి పైకి కొట్టుకొస్తోందన్నమాట. బయటికొచ్చిన పొడి ఎంతో లోపల ఖాళీ అంత. దాని మీద ఎంత మంచి హాట్ మిక్స్ (వేడి తారు, కంకర మిశ్రమం) వేసినా నిలవదు.

నీళ్లెక్కడివి? వాన నీళ్లని అందరూ అనుకున్నారు. సగమే నిజం. పక్క కాల్వను దారం పట్టి లెవల్ చూస్తే, పల్లం దగ్గర కాల్వ అడుగు బయటికి పారాల్సింది పోయి వెనక్కి వాలి ఉంది. పైగా ఏళ్ల తరబడి కార్పెట్ మీద కార్పెట్ వేసుకుంటూ పోవడంతో మధ్య నుంచి అంచుకు ఉండాల్సిన వాలు చెడిపోయింది. తారు రోడ్డుకు నూటికి రెండు, రెండున్నర వాలు ఉంటేనే నీళ్లు పక్కకు జారుతాయి. ఇక్కడ కొన్నిచోట్ల వాలు లేదు, కొన్నిచోట్ల లోపలికి ఉంది.

మిగతా సగం వేసవిలో బయటపడింది. వారాల తరబడి చినుకు లేకపోయినా ఒకచోట తడి ఆరలేదు. కుళాయి నీళ్లలో కలిపే క్లోరిన్ ఉంటే రంగు మారే పరీక్ష పట్టీని ఆ నీళ్లలో పెట్టి చూస్తే రంగు మారింది. క్లోరిన్ కనిపించకపోతే ఏమీ తేల్చలేం, ఎందుకంటే మట్టిలో పారుతూ అది పోతుంది. కనిపిస్తే మాత్రం అది భూగర్భ నీరు కాదు, వాన నీరు కాదు, కుళాయి నీరే. రోడ్డు కింద మంచినీటి పైపు కారుతోంది. అంటే రోడ్ల విభాగం ఎన్నిసార్లు తారు పోసినా, నీటి విభాగం పైపు జాయింటు బాగు చేసేదాకా అది బూడిదలో పోసిన పన్నీరే.

ప్యాచ్ దగ్గరే ఎందుకు ఆగుతుంది

వార్డు ఇంజనీరు చెడ్డవాడనో, కాంట్రాక్టర్‌తో కుమ్మక్కయ్యాడనో సంఘంలో చాలామంది నమ్మకం. నాకు అలా అనిపించలేదు. ఫిర్యాదు ఎవరి టేబుల్ మీదికి చేరుతుందో, ఆ టేబుల్ దగ్గర ఏ అధికారం ఉంటుందో చూడండి. వార్డు స్థాయిలో ఉండేది నిర్వహణ నిధి. దానితో గుంతలు పూడ్చొచ్చు. రోడ్డు తవ్వి పునాది నుంచి వెయ్యాలంటే ఎస్టిమేట్ కావాలి, సాంకేతిక మంజూరు కావాలి, పాలనా మంజూరు కావాలి, బడ్జెట్‌లో పద్దు కావాలి. ‘గుంత పూడ్చండి’ అన్న ఫిర్యాదు ఇవేవీ అడగదు. పూడ్చాక ఆ ఫిర్యాదు న్యాయంగానే ముగిసిపోతుంది.

అందుకే మొక్కలు నాటడం, గుంతల్లో కాగితం పడవలు వదలడం లాంటి నిరసనల మీద నాకు పెద్దగా ఆశ లేదు. పేపర్లో ఫొటో పడుతుంది, మర్నాడు పొద్దున్నే లారీ తారు వస్తుంది, అంతటితో సరి. ఒత్తిడి ఎక్కువైన కొద్దీ పని తొందరపడుతుంది గానీ లోతుకు పోదు.

ప్యాచ్ ఎప్పుడూ దండగేనని కూడా అనను. 1990ల మొదట్లో అమెరికాలో గుంతలు పూడ్చే పద్ధతుల మీద పెద్ద క్షేత్ర పరిశోధన జరిగింది. మంచి మిశ్రమం వాడితే, గుంతలో వేసి లారీ చక్రంతో తొక్కించిన మామూలు ప్యాచ్ కూడా, అంచులు చదరంగా కోసి శుభ్రం చేసి వేసిన ప్యాచ్‌తో సమానంగా నిలిచిందని తేలింది. కాకపోతే కింద బరువు మొయ్యగల పునాది ఉండాలి. మన రోడ్డు పై భాగానికి అది చాలు. మధ్య పల్లానికి చాలదు.

కాగితాలు

సమాచార హక్కు చట్టాన్ని చాలామంది ‘ఎంత ఖర్చయింది’ అని అడగడానికే వాడతారు. ఖర్చు తెలిస్తే కోపం వస్తుంది, దారి తెలియదు. భారత చట్టం (2005) సెక్షన్ 2(జె)లో సమాచార హక్కు అంటే కాగితాల నకళ్లే కాదు, పనిని తనిఖీ చెయ్యడం, వాడిన సామగ్రి ధ్రువీకృత నమూనాలు తీసుకోవడం కూడా ఉన్నాయి. ఈ రెండో సంగతి తెలిసినవాళ్లు తక్కువ.

మేం అడిగింది నాలుగు: కిందటిసారి రోడ్డు వేసినప్పటి మంజూరైన ఎస్టిమేట్, చేసిన పని కొలతలు రాసే మెజర్‌మెంట్ బుక్ పేజీలు, నాణ్యత పరీక్షల నివేదికలు, కాంట్రాక్టు ఒప్పందంలో డిఫెక్ట్ లయబిలిటీ పీరియడ్ ఎంతన్న పేజీ. దరఖాస్తులో ‘ఎందుకు’ అనే ప్రశ్న ఒక్కటీ పెట్టలేదు. రికార్డులో ఉన్న కాగితం అడిగితే ఇవ్వాలి, అభిప్రాయం అడిగితే తిరస్కరించడానికి సాకు దొరుకుతుంది.

వచ్చిన కాగితాల్లో నిజంగా పనికొచ్చింది చివరిది. పై భాగాన్ని విడి కాంట్రాక్టుగా ఇచ్చారు, దాని లయబిలిటీ గడువు ఇంకా తీరలేదు. గడువు లోపల చెడితే కాంట్రాక్టరే సొంత ఖర్చుతో బాగు చెయ్యాలి, లేదా అతని డిపాజిట్‌లోంచి కోసుకోవాలి. కార్పొరేషన్ మాత్రం తన నిర్వహణ నిధితో అక్కడ ప్యాచ్‌లు వేసుకుంటూ వచ్చింది. యాప్‌లో ‘పరిష్కరించాం’ అన్న ఫిర్యాదుల తేదీలూ, గడువు తేదీ పక్కపక్కన పెట్టి పట్టిక తయారుచేశాం. ఏ ఆరోపణా చెయ్యలేదు. ఆడిట్ వాళ్లు ఆ పట్టిక చూస్తే ఏం రాస్తారో అందరికీ తెలుసు, నోటితో అననక్కర్లేదు.

రాతపూర్వక సమాచారానికున్న బలం ఊరికే వచ్చింది కాదు. న్యూయార్క్ నగరం 1979లో ఒక నిబంధన తెచ్చింది: ఫలానా చోట రోడ్డు చెడిందని నగరానికి ముందే రాతపూర్వకంగా తెలిసి, 15 రోజుల్లో బాగు చెయ్యకపోతేనే ప్రమాదాలకు పరిహారం అడగొచ్చు. గుంతకు ముందే నోటీసు ఎవరిస్తారులే అన్న ధీమా అది. లాయర్ల సంఘం ఊరుకోలేదు. 1982లో ఒక సంస్థ పెట్టి, వీధి వీధీ నడిపించి, చెడిన ప్రతి చోటునూ మ్యాపుల మీద గుర్తు పెట్టించి నగరానికి అందజేయడం మొదలుపెట్టింది. ఇంగ్లండ్‌లో 1980 నాటి హైవేస్ చట్టంలో సెక్షన్ 41 రోడ్డు బాగుంచే బాధ్యతను అధికార సంస్థ మీద పెడితే, సెక్షన్ 56 మామూలు పౌరుడు నోటీసు ఇచ్చి, వినకపోతే కోర్టుకెళ్లి మరమ్మతు ఉత్తర్వు తెచ్చుకునే దారి ఇచ్చింది. దేశాన్ని బట్టి చట్టం మారుతుంది. ‘మాకు తెలియదు’ అనే మాటకు చోటివ్వని కాగితం అన్నిచోట్లా పనికొస్తుంది.

సంఘంలో గొడవ

ఎక్కువ సమయం తినేసింది ఇదే. మొత్తం రోడ్డుకు కార్పెట్ కావాలని పై భాగం వాళ్లు, ‘మా దగ్గర తవ్వితే వ్యాపారం పోతుంది’ అని పల్లం దగ్గర దుకాణాల వాళ్లు. మొత్తం కార్పెట్ అడిగితే ఏమవుతుందో చెప్పాను: ఎస్టిమేట్ పెద్దదవుతుంది, పద్దు దొరకదు, దొరికినా మందం తగ్గించి మూడు భాగాల మీదా పలచగా పరుస్తారు, పల్లంలో కింది పగుళ్లు మళ్లీ పైకి తేలతాయి.

‘అంటే మాకు కొత్త రోడ్డు వద్దంటారా సార్?’ అని ఒకావిడ నిలదీసింది. ‘మీ వైపు పునాది బాగుందమ్మా. గడువు లోపలుంది కాబట్టి కాంట్రాక్టర్ చేతే చేయిద్దాం. కార్పొరేషన్ డబ్బు పల్లానికి పోనివ్వండి’ అన్నాను. ఆవిడ సంతోషంగా ఏమీ ఒప్పుకోలేదు. ఓటింగ్‌లో స్వల్ప తేడాతో గట్టెక్కాం. దుకాణాల వాళ్లకు మాత్రం సగం వెడల్పు చొప్పున పని జరగాలన్న షరతును లేఖలోనే రాసి ఇచ్చాం.

లేఖ

లేఖలో ‘దయనీయ స్థితి’, ‘ప్రాణాలకు ముప్పు’ లాంటి మాటలన్నీ కొట్టేశాం. సారం ఇది:

‘300 నుంచి 500 మీటర్ల మధ్య రోడ్డు పునాది విఫలమైంది. ఆధారాలు: మొసలి పగుళ్లు, బురద ఉబకడం, చక్రాల దారిలో కుంగుడు (ఫొటోలు, కొలతలు జత చేశాం). కారణాలు: కాల్వ అడుగు వెనక్కి వాలడం, మంచినీటి పైపు లీకేజీ. కోరుతున్నది: ముందుగా లీకేజీ మరమ్మతు, తర్వాత కాల్వ లెవల్ సరిచేయడం, ఆ తర్వాతే పూర్తి లోతు పునర్నిర్మాణం. ఈ భాగంలో ఇకపై ప్యాచ్ వెయ్యవద్దని, వేస్తే దాన్ని ఈ విన్నపానికి పరిష్కారంగా నమోదు చెయ్యవద్దని కోరుతున్నాం. పునాది పరిస్థితిని డైనమిక్ కోన్ పెనెట్రోమీటర్‌తో పరీక్షించి నివేదిక ఇవ్వగలరు.’

ప్యాచ్ వద్దని జనమే రాసిచ్చిన లేఖ బహుశా ఆ ఆఫీసుకు అదే మొదటిది. పరీక్ష పేరు రాయడం డాబు కోసం కాదు. ఆ పరికరంలో ఉండేదల్లా 8 కిలోల సుత్తి, కడ్డీ, కింద ఒక శంకువు. సుత్తి 575 మిల్లీమీటర్ల ఎత్తు నుంచి పడుతుంటే ఒక్కో దెబ్బకు శంకువు ఎంత దిగిందో రాసుకుంటారు. ఖరీదైన పరీక్ష కాదు, కాబట్టి కాదనడం కష్టం. చేశాక ఫలితం కార్పొరేషన్ సొంత రికార్డవుతుంది. మా మాట మీద మంజూరు రాదు, వాళ్ల నివేదిక మీద వస్తుంది.

వార్డు ఇంజనీరు లేఖ చదివి కాసేపు మాట్లాడలేదు. తర్వాత అలమరలోంచి ఒక పాత ఫైలు తీశాడు. ఇదే పల్లానికి అతని ముందు పనిచేసినాయన ఎస్టిమేట్ పంపాడు. ‘నీటి విభాగంతో సమన్వయం లేదు’ అన్న ఒక్క వాక్యంతో వెనక్కొచ్చింది. ‘ఇది మళ్లీ కదలాలంటే కింది నుంచి నేను పంపితే చాలదండీ, పై నుంచి అడగాలి’ అన్నాడు. అప్పటిదాకా శత్రువనుకున్న మనిషి దగ్గరే మాకు కావాల్సిన ఫైలు నంబరు దొరికింది.

ఇక మిగిలింది రెండు విభాగాలనూ ఒకే గదిలో కూర్చోబెట్టడం. కమిషనర్‌కు రాసిన లేఖలో రోడ్డు వెయ్యమని అడగలేదు, ఆ పాత ఫైలు నంబరు వేసి ఉమ్మడి తనిఖీ అడిగాం. కార్పొరేటర్‌నూ అదే అడగమన్నాం. ఆయనకు డబ్బు తేవడం కష్టం గానీ తనిఖీకి తేదీ ఇప్పించడం తేలిక. బడ్జెట్ ప్రతిపాదనలు తయారయ్యే నెలలకు ముందే ఇది జరిగేలా చూసుకున్నాం. బడ్జెట్ ఆమోదం పొందాక ఎంత గట్టిగా అడిగినా వచ్చేది వచ్చే ఏడాది హామీయే.

తనిఖీ రోజున నీటి విభాగం వాళ్లు తమ పైపు కాదని వాదించారు. తవ్వి చూస్తే జాయింటు దగ్గర నీళ్లు చిమ్ముతున్నాయి. ఆ తర్వాత వాదన లేదు.

పని జరిగేటప్పుడు

మంజూరు వచ్చిందని చాలా సంఘాలు స్వీట్లు పంచి ఇంటికి పోతాయి. అసలు కాపలా అప్పుడే మొదలవ్వాలి. ఎస్టిమేట్‌లోని పొరల వరుసను తెలుగులో పెద్ద అక్షరాలతో రాయించి పని దగ్గర కట్టాం: మట్టి కుదింపు, నీళ్లు పారే గుల్ల కంకర పొర, వెట్ మిక్స్ (తడిపి కుదించే కంకర), ప్రైమ్ కోటు (కంకర మీద చల్లే పల్చటి తారు), కింది తారు పొర, టాక్ కోటు (రెండు తారు పొరలను అతికించే పూత), పై తారు పొర. ప్రతి పొర పూర్తయ్యాక కొలత రాసేముందు సంఘం ప్రతినిధి ఒకరు చూడాలని ఎగ్జిక్యూటివ్ ఇంజనీరు ఒప్పుకున్నారు. సంతకం అధికారం లేదు, చూసే హక్కు మాత్రమే. అది చాలు.

జనం తేలిగ్గా పట్టుకోగలిగిన తప్పు వేడి. హాట్ మిక్స్ సుమారు 90 డిగ్రీల కంటే చల్లబడేలోపే రోలింగ్ అయిపోవాలి. చల్లబడ్డాక ఎంత తొక్కినా కుదరదు, లోపల గాలి ఖాళీలు మిగులుతాయి. ఆ ఖాళీలు నూటికి ఎనిమిది దాటితే నీళ్లు లోపలికి దిగడం మొదలవుతుంది, మళ్లీ మొదటికే వస్తాం. సంఘంలో ఒక కుర్రాడు పొడుగు కాడ థర్మామీటర్ కొన్నాడు. ఒక రాత్రి ట్రాఫిక్‌లో ఇరుక్కుని ఆలస్యంగా వచ్చిన లారీలో గుచ్చి చూపిస్తే, సైట్ ఇంజనీరే దాన్ని వెనక్కి పంపాడు.

పట్టు వదలకూడని ఇంకో చోటు మ్యాన్‌హోల్ మూతలు. కొత్త లెవల్‌కు మూతలు ఎత్తకపోతే వాటి చుట్టూ మొదటి గుంతలు పడతాయి. ఎస్టిమేట్‌లో ఆ పద్దు లేదు. పని మొదలవక ముందే అడగడంతో చేర్చారు.

ఇప్పటి పరిస్థితి

పల్లం భాగం తర్వాతి వర్షాకాలాన్ని తట్టుకుంది. నీళ్లు నిలవలేదు, పగుళ్లు కనిపించలేదు. నా లెక్కలో ఒక్క వర్షాకాలం దాటడం రుజువు కాదు. లారీల బరువుకు పునాది ఎలా నిలిచిందో తెలియడానికి ఇంకా కొన్నేళ్లు పడుతుంది. చక్రాల దారిలో కుంగుడు ఎంతుందో ప్రతి వానాకాలం ముందు, తర్వాత రోడ్డుకు అడ్డంగా తిన్నటి కర్ర పెట్టి కొలిచి రాసిపెట్టమని చెప్పాను. ఈ భాగం లయబిలిటీ గడువు ఎప్పుడు తీరుతుందో సంఘం క్యాలెండర్‌లో రాసి ఉంది. దానికి మూడు నెలల ముందు ఉమ్మడి తనిఖీ కోరుతూ లేఖ ఇప్పుడే తయారుచేసి పెట్టుకున్నారు.

పై భాగాన్ని పాత కాంట్రాక్టర్ చేత సగం బాగు చేయించారు. మిగతా సగానికి డిపాజిట్‌లోంచి కోత పెడతామని జవాబు వచ్చింది. పెట్టారో లేదో తెలుసుకోడానికి దరఖాస్తు వేశాం.

కింది భాగం అలాగే ఉంది. పని మొదలవుతుందనగా ఇంకో కేబుల్ సంస్థ వచ్చి అడ్డంగా తవ్వి మట్టి కప్పి పోయింది. తవ్వకం అనుమతులు ఇచ్చేటప్పుడు పునరుద్ధరణ రుసుము వసూలు చేస్తారు. ఆ డబ్బు ఈ రోడ్డుకే ఖర్చు కావాలన్న నియమం ఈ కార్పొరేషన్‌లో లేదు, సాధారణ నిధిలో కలిసిపోతుంది. తవ్వకాల అనుమతుల రిజిస్టర్ నకలు వచ్చింది. అందులో ఈ రోడ్డు మీద తేదీల వారీగా ఎవరెవరు ఎంత కట్టారో ఉంది. ఆ పట్టికతో స్టాండింగ్ కమిటీకి వెళ్లాలా, నేరుగా ఆడిట్‌కు ఇవ్వాలా అన్న దగ్గర సంఘం మళ్లీ రెండుగా చీలింది.